మంత్రి గారూ, ఊపిరి మిషన్ ఏ లిస్టులో ఉంది?

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది ప్రజావాణిలో నా నాలుగో అర్జీ కావాల్సింది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌కు తిరిగే ఓపిక లేక ఇలా అందరి ముందు రాస్తున్నాను. మొదటి మూడింటికీ రసీదులైతే ఇచ్చారు. భద్రంగా దాచుకున్నాను.

మా ఆయన లారీ డ్రైవర్. అప్పు చేసి స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష) చేయిస్తే, గంటకు 46 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని తేలింది. 30 దాటితేనే తీవ్రం అంటారట. రోజూ సీప్యాప్, అంటే మాస్కులోంచి గాలి పంపి నిద్రలో ఊపిరి ఆగకుండా చూసే మిషన్, పెట్టుకునే పడుకోవాలన్నారు. దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర కంప్యూటర్ చూసి, "ఇంటికి మిషన్ ఇచ్చేది లిస్టులో లేదమ్మా, ఆపరేషన్ అయితే చెప్పండి" అన్నాడు.

రెండు నెలలు అద్దెకు తెచ్చాం. నెలకు నాలుగు వేలు. ఆ రెండు నెలలూ నేను కూడా నిద్రపోయాను సార్. మూడో నెల కట్టలేక తిరిగిచ్చేశాం. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. గురక ఇల్లు ఎగిరేలా వచ్చి టక్కున ఆగిపోతుంది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. చీకట్లో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాను. ఇరవై దాటితే డొక్కలో పొడుస్తాను. నీళ్లలోంచి పైకి తేలినవాడిలా గాలి పీల్చి అటు తిరిగి పడుకుంటాడు. పొద్దున లేచి "రాత్రి బాగా పట్టింది" అంటాడు! పట్టేది నిద్ర కాదని లారీ స్టీరింగ్ దగ్గర తెలిసింది. బండి డివైడర్‌కు రాసుకుపోయింది. ఓనర్ తాళం చెవి తీసేసుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీని 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు. సంతోషం. ఇలాగే వదిలేస్తే బీపీ పెరిగి గుండెకో మెదడుకో ముప్పు అని డాక్టర్ హెచ్చరించారు. అది కాస్తా వచ్చాక తీసుకొస్తే మీ కార్డు పనిచేస్తుంది కాబోలు. అప్పటిదాకా ఆగమంటారా? కేంద్ర ఉద్యోగులకు వాళ్ల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్‌లో ఈ మిషన్‌కు డబ్బులు వస్తాయి. లారీ డ్రైవర్ ఊపిరి అంత చవకా?

లిస్టులో చేర్చండి. కుదరకపోతే జిల్లా దవాఖానలో నాలుగు మిషన్లు పెట్టి తక్కువ అద్దెకివ్వండి. అదీ కాకపోతే ఇంకేదైనా చేయండి సార్, మీకే తెలుస్తుంది. మిషన్ వెనక్కి తీసుకున్నారు గానీ, ఒకరు వాడిన మాస్కు ఇంకొకరికి పనికిరాదని దాన్ని మాకే వదిలేశారు. కడిగి ఆరబెట్టి, ట్యూబు బిగించి, ఆయన తలగడ పక్కనే పెట్టాను.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్ భార్య,
మహబూబ్‌నగర్ జిల్లా