శీనుగాడికి, నీ కెమెరా గొడవ గురించి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో అంతసేపూ నువ్వే మాట్లాడావు. తీరా నేను నోరు తెరిచేసరికి "షిఫ్ట్ సైరన్ మోగిందిరా, మళ్ళీ చేస్తా" అని పెట్టేశావు. నువ్వు మళ్ళీ చేసేదీ లేదు, నేను చెప్పేదీ లేదు. అందుకే ఉత్తరం. ఇక్కడ మండపేటలో దాళ్వా ధాన్యం హడావిడి తగ్గింది, మిల్లుల నుంచి ఫోన్లూ తగ్గాయి. తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గానే చదువు.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. మీ లైన్లో లేతు మీద నుంచి వచ్చే స్టీలు పిన్నుల మీద గీతలు పట్టుకోడానికి కెమెరా పెట్టారు. పొద్దున పూట బుద్ధిగానే పనిచేస్తుంది. పది దాటిందంటే మంచి పీసుల్ని కూడా రిజెక్టు డబ్బాలోకి తోసేస్తుంది. క్వాలిటీ వాళ్ళు నీ మీద పడుతున్నారు, నువ్వు మిషను అమ్మినవాడి మీద పడుతున్నావు. వాడేమో "ఎక్కువ మెగాపిక్సెళ్ళ కెమెరా వేయించండి సార్, ఏఐ ప్యాకేజీ కూడా తీసుకోండి" అంటున్నాడు.

కొనకు. కనీసం ఇప్పుడే కొనకు. నీ జబ్బు కెమెరాలో లేదు, వెలుతురులో ఉంది.

"బియ్యం మిషన్లు బాగుచేసుకునేవాడివి, నీకేం తెలుసురా" అంటావని తెలుసు. నేను రోజూ చేతులు పెట్టేది కూడా కెమెరా ఇన్‌స్పెక్షన్ మిషన్లోనే. చెల్లెమ్మ కిరాణా కొట్లో "సార్టెక్స్ బియ్యమేనా?" అని అడిగి మరీ తెస్తుంది కదా, ఆ సార్టెక్స్ 1947లో మొదలైన ఇంగ్లండు కంపెనీ. తర్వాత స్విట్జర్లాండుకి చెందిన బ్యూలర్ కొనేసింది. మనవాళ్ళకి మాత్రం చైనా నుంచి వచ్చిన కలర్ సార్టర్ (రంగు చూసి చెడ్డ గింజల్ని ఏరేసే మిషను) కూడా సార్టెక్సే.

దాని లోపల ఏం జరుగుతుందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. పైన హాపర్, దాని కింద వైబ్రేటర్. అది బియ్యాన్ని పలచగా ఏటవాలు చ్యూట్ మీదకి వదులుతుంది. గింజ మీద గింజ పడకుండా ఒకే పొరగా జారాలి. చ్యూట్ అంచు దాటి గాల్లోకి వచ్చేటప్పటికి గింజ సెకనుకి సుమారు 3 మీటర్ల వేగంతో ఉంటుంది. అక్కడ ముందొక కెమెరా, వెనకొక కెమెరా కాపు కాస్తుంటాయి. ఇవి నీ ఫోన్లో ఉండే రకం కాదు. వీటిలో పిక్సెళ్ళు ఒక్క వరసే. లైన్ స్కాన్ అంటారు. గింజ కదిలిపోతూ ఉంటే గీత తర్వాత గీతగా బొమ్మ అల్లుకుంటుంది. మచ్చ కనబడగానే, కాస్త కింద వరసగా ఉన్న ఎజెక్టర్ వాల్వుల్లో ఆ గింజకి ఎదురుగా ఉన్నది తెరుచుకుని కంప్రెసర్ గాలి ఫట్‌మని కొడుతుంది. మచ్చ గింజ అటు, మంచి గింజ ఇటు.

లెక్క చూడు. సెకనుకి 3 మీటర్లంటే మిల్లీసెకనుకి 3 మిల్లీమీటర్లు. మన సోనామసూరి గింజ పొడవు ఇంచుమించు 5 మిల్లీమీటర్లు. గాలి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా తగిలిందంటే చెడ్డ గింజ దర్జాగా దాటిపోతుంది, దాని వెనకొచ్చే మంచి గింజకి దెబ్బ పడుతుంది. టైమింగ్ సరిగ్గా ఉన్నా ఒక్కో గాలి దెబ్బకి పక్కనున్న మంచి గింజలు కొన్ని కొట్టుకుపోతాయి. అందుకే రిజెక్టుని మళ్ళీ ఇంకో చ్యూట్ మీదకి ఎక్కించి రెండోసారి ఏరతాం. మిల్లు యజమాని రోజూ చేయిపెట్టి చూసేది మంచి బియ్యం బస్తాలో కాదు, రిజెక్టు గోనెలో. అందులో తెల్లగింజలు ఎక్కువ కనబడ్డాయో, నాకు ఫోను.

ఇక అసలు సంగతి. కెమెరాకి బదులు ఫొటోసెల్ (వెలుగుని సిగ్నల్‌గా మార్చే సెల్) ఉన్న పాత సార్టర్లలో ఒక ఉపాయం ఉండేది. గింజ వెనకాల ఒక ప్లేటు పెట్టి, దాని వెలుగు మంచి గింజ వెలుగుతో సరిగ్గా సమానమయ్యేలా సర్దేవారు. అప్పుడు మంచి గింజ సెల్ ఎదురుగా వెళ్ళినా సిగ్నల్ కదలదు. గింజ పెద్దదైనా చిన్నదైనా, ఒకటి వచ్చినా రెండు వచ్చినా, సెల్‌కి ఏమీ రానట్టే. నల్లది అడ్డొస్తేనే సిగ్నల్ పడిపోతుంది. కంప్యూటరు లేదు, బొమ్మ లేదు, లెక్కలు లేవు. మంచిదాన్ని మాయం చేసేశారు, చెడ్డది తనంతట తానే బయటపడింది. ఈ మొత్తం విద్యలో ఇంతకన్నా తెలివైన పని నేను చూడలేదు, ఏఐతో సహా.

చాకీ గింజల సంగతీ అంతే. పొట్టతెలుపున్న గింజ ముందునుంచి లైటు వేస్తే ఇంకా తెల్లగా, ఇంకా అందంగా కనబడుతుంది. వెనకనుంచి వేస్తే మంచి గింజలోంచి వెలుగు కొంత ఇవతలికి వస్తుంది, చాకీ గింజ అడ్డుకుని నల్లగా నిలబడుతుంది. అదే గింజ, అదే కెమెరా. లైటు ఎటునుంచి వచ్చిందన్నదే తేడా. తెల్లరాయి, గాజుపెంకు రంగులో బియ్యానికి తోబుట్టువుల్లా ఉంటాయి కాబట్టి వాటికి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కావాలి. మన కంటికి ఒకటే అనిపించేవి అక్కడ విడిపోతాయి.

ఇప్పుడు నీకో కోర్టు కథ చెప్పాలి. నీ వెండర్ మాటలు విన్నప్పటి నుంచీ ఇదే తిరుగుతోంది నా బుర్రలో.

అమెరికాలో జెరోమ్ లెమెల్‌సన్ అని ఒకాయన. 600కి పైగా పేటెంట్లు. 1954లో, మళ్ళీ 1956లో పేటెంటు దరఖాస్తులు పెట్టాడు. సారాంశం ఏమిటంటే: టీవీ కెమెరాలాంటి దానితో వస్తువుని స్కాన్ చెయ్యి, వచ్చిన సిగ్నల్‌ని మంచి వస్తువు తాలూకు సిగ్నల్‌తో పోల్చు, తేడా ఉంటే వస్తువులో లోపం ఉన్నట్టు. చదవడానికి నీ లైనూ నా మిల్లూ రెండూ అందులోనే ఉన్నట్టు లేవూ? అప్పటికి కంప్యూటర్లో ఫొటో అన్నదే లేదురా. 1957లో రస్సెల్ కర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోని స్కాన్ చేసి కంప్యూటర్‌కి ఎక్కించాడు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో, సీయాక్ అనే మిషను మీద. 176 అడ్డం, 176 నిలువు పిక్సెళ్ళు. ఒక్కో పిక్సెల్ నలుపో తెలుపో, మధ్యరకం లేదు. మధ్య ఛాయలు కావాలంటే హద్దు మారుస్తూ పలుమార్లు స్కాన్ చేసి కలిపేవారు.

అంత ముందుగా ఆలోచించినందుకు లెమెల్‌సన్‌ని మెచ్చుకోవలసిందే. గొడవ తర్వాతది. అప్పటి అమెరికా చట్టంలో పేటెంటు మంజూరైన రోజు నుంచి 17 ఏళ్ళు లెక్క. ఆయన పాత దరఖాస్తుకి కొనసాగింపు మీద కొనసాగింపు వేసుకుంటూ, మంజూరుని వెనక్కి నెట్టుకుంటూ పోయాడు. ఈలోగా బార్‌కోడ్లు వచ్చాయి. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్ళో, ఒక సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద తొలి స్కాన్ జరిగింది. 1981లో మసాచుసెట్స్‌లో కాగ్నెక్స్ కంపెనీ పుట్టింది. రాబర్ట్ షిల్‌మన్ అనే ఎంఐటీ లెక్చరరూ, అక్కడి ఇద్దరు విద్యార్థులూ కలిసి పెట్టారు. వాళ్ళ మిషనుకి తొలినాళ్ళలో దొరికిన పని టైపురైటర్ మీటల మీద అక్షరాలు సరైన చోట ఉన్నాయో లేదో చూడటం! ఇలా అందరూ తలా ఒకటి తయారుచేసి అమ్ముకుంటుండగా, 1950ల నాటి తేదీతో లెమెల్‌సన్ కొత్త పేటెంట్లు నీళ్ళలోంచి పైకి తేలాయి. సబ్‌మెరీన్ పేటెంట్లని వాటికి పేరు. ఆయన లాయర్లు ఉత్తరాలు రాసింది కెమెరా తయారుచేసేవాళ్ళకి కాదు, వాడుకునేవాళ్ళకి: కార్ల కంపెనీలు, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, దుకాణాలు. 1992లో జపాను కార్ల కంపెనీలు 10 కోట్ల డాలర్లు కట్టి రాజీపడ్డాయి. కోర్టు చుట్టూ తిరగడం కన్నా కట్టేయడమే చవక అనుకున్నవాళ్ళు వందల మంది. మొత్తం వసూలు 150 కోట్ల డాలర్ల దాకా అని చెబుతారు.

కాగ్నెక్స్, బార్‌కోడ్ స్కానర్లు చేసే సింబల్ ఎదురు తిరిగాయి. లెమెల్‌సన్ 1997లోనే పోయాడు, ఆయన పేరిటి ఫౌండేషను కేసు నడిపింది. 2004 జనవరిలో లాస్ వేగాస్‌లో ఫిలిప్ ప్రో అనే జడ్జి తీర్పు చెప్పాడు. 14 పేటెంట్లలోని 76 క్లెయిములు (ఇది నాదని హక్కు కోరే అంశాలు) చెల్లవు. 18 నుంచి 39 ఏళ్ళు సాగదీయడం అన్యాయమైన ఆలస్యం అన్నాడు. 2005లో పైకోర్టు కూడా ఆలస్యం కారణం మీద తీర్పుని నిలబెట్టింది. అప్పటికే చట్టం కూడా మారింది, 1995 నుంచి దరఖాస్తు తేదీ నుంచే 20 ఏళ్ళ లెక్క.

పేపర్లన్నీ ఆలస్యం గురించే రాశాయి. నాకు నచ్చింది ఇంకో ముక్క. లెమెల్‌సన్ దరఖాస్తులు చదివి, ఆ రోజుల్లో ఆ విద్య తెలిసినవాడెవడూ పనిచేసే మిషను కట్టలేడు అన్నాడు జడ్జి. లెమెల్‌సన్ పద్ధతిలో వస్తువు స్కానర్ ఎదురుగా ముందే అనుకున్న చోట, అనుకున్న తీరులో నిలబడాలి. కాగ్నెక్స్ వాళ్ళ మిషను వస్తువు ఎక్కడుందో బొమ్మలో వెతుక్కుంటుంది. "పోల్చు" అని రాయడం ఎంతసేపు? పీసు వంకరగా వస్తే? సగం నీడలో ఉంటే? నూనె మెరుస్తుంటే? పని మొదలయ్యేదే అక్కడ. నీ వెండర్ కూడా లెమెల్‌సన్‌లాగే "పోల్చేస్తుంది సార్" అంటున్నాడు, అంతే, తేడా ఏమీ లేదు.

ఫోన్లో నువ్వు "ఆటో థ్రెషోల్డ్ పెట్టాం" అన్నావు, అంటే నలుపుకీ తెలుపుకీ మధ్య హద్దుని మిషనే గీసుకోవడం. అది చాలావరకు ఒట్సు పద్ధతే అయ్యుంటుంది. నొబుయుకి ఒట్సు అనే జపానాయన 1979లో రాశాడు. చిన్న పేపరు, బంగారంలాంటి పేపరు. బొమ్మలో ఛాయలు 256 అనుకో. ప్రతి ఛాయ దగ్గరా గీత గీసి, పిక్సెళ్ళని రెండు గుంపులు చేసి చూస్తుంది. ఏ గీత దగ్గర రెండు గుంపుల సగటులూ ఒకదానికొకటి బాగా దూరంగా, ఏ గుంపుకి ఆ గుంపు దగ్గర దగ్గరగా వస్తాయో, అదే హద్దు. మనిషి చేయి పెట్టనక్కర్లేదు. కాగితం మీద అక్షరాలకి అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ నలుపూ తెలుపూ రెండూ దండిగా ఉంటాయి. నీ పిన్ను మీద గీత వెంట్రుకంత. వేల పిక్సెళ్ళలో పదో ఇరవయ్యో. అంత చిన్న గుంపుని ఒట్సు లెక్కలోకే తీసుకోదు, మెరుపుకీ నీడకీ మధ్య ఎక్కడో హద్దు గీసేస్తుంది. పైకప్పులోంచి ఎండ పడిందనుకో, ఆ హద్దు కూడా ఎండతోపాటు జరుగుతుంది. పదింటికి మొదలయ్యే నీ పిచ్చికి కారణం ఇదేనని నా అనుమానం. మీ షెడ్డు కప్పులో వెలుతురు కోసం వేసిన ఫైబర్ షీటు ఉందా, లేదా?

ఏఐ దండగ అనను. చెక్క మీద, తోలు మీద, బట్ట మీద లోపాలకి ఏ రూలూ రాయలేం, అక్కడ అది గొప్పగా పనికొస్తుంది. కానీ దానికి చూపించే ఫొటోలో గీతే పడకపోతే ఏం నేర్చుకుంటుంది?

నువ్వు చేయాల్సింది చెబుతా. ముందు స్టేషన్ చుట్టూ నల్ల షీటుతో డబ్బా కట్టించు, మీ మెయింటెనెన్స్ కుర్రాళ్ళు పూటలో కట్టేస్తారు. పైన ఉన్న రింగ్ లైటు తీసెయ్. గుండ్రటి మెరిసే పిన్ను మీద అది తన బొమ్మనే చూసుకుంటుంది, గీత ఆ మెరుపులో మునిగిపోతుంది. ఎర్ర ఎల్‌ఈడీ బార్ లైటు ఒకటి పక్కనుంచి, బాగా వాలుగా, పిన్నుని రాసుకుంటూ పోయేలా పెట్టు. నున్నగా ఉన్న చోట వెలుగు అటే జారిపోయి కెమెరాకి నల్లగా కనబడుతుంది. గీత అంచు మాత్రం వెలుగుని పైకి చిమ్ముతుంది. నల్లటి దాని మీద తెల్లటి తీగ. గీత ఒకే దిక్కున ఉంటే లైటు దానికి అడ్డంగా రావాలి సుమా, వెంబడే వస్తే కనబడదు. లెన్సు మీద ఆ ఎరుపుని మాత్రమే వదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ బిగించు, మిగిలిన ఎండ బెడద చాలావరకు పోతుంది. కొత్త కెమెరా ధరలో ఇది చిల్లర.

నిజంగా డబ్బు పెట్టాలనుకుంటే లైన్ స్కాన్ కెమెరాకి పెట్టు. పిన్నుని రెండు రోలర్ల మీద తిప్పుతూ తీస్తే చుట్టుకొలతంతా చాపలా విప్పుకుని ఒకే బొమ్మలో వస్తుంది. ఇప్పుడు నీ కెమెరా చూసేది పిన్నుకి ఒక పక్కే, మిగతా పక్కల గీతలు దాటిపోతున్నాయంటే దాని తప్పేముంది?

ఇంకోటి, లెన్సు గ్లాసు తుడిపించు. మా మిషన్లలో తవుడు దుమ్ముకి గాజు మీద వైపర్ దానంతటదే తిరుగుతుంది. మీకు కూలెంట్ తుంపర్లు ఉంటాయి, వైపర్ ఉండదు.

డబ్బా కట్టకముందు రెండు ఫొటోలు తీసి వాట్సాప్ చెయ్. స్టేషన్ లైటు పూర్తిగా ఆపేసి, అదే పిన్ను అక్కడే ఉంచి, పొద్దున ఏడింటికి ఒకటి, పదకొండింటికి ఒకటి. ఎక్స్‌పోజర్ మార్చకు. రెండోదాంట్లో పిన్ను కనబడిందంటే ఎండ లోపలికి వస్తున్నట్టే, ఆ ఫొటోనే మీ మేనేజరుకి చూపించు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదు నువ్వు, ఈసారి అది కూడా రాయి.

నీ
సూరి

తా.క. వెండర్ కొటేషన్ మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా?