కిడ్నీ రోగుల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది చదివినవి, తప్పు చదివినవి

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీలో కొందరు లేచి, "డాక్టర్లను పిలిచి ఉపన్యాసాలు పెట్టించింది చాలు, పరిశోధనల్లో అసలు ఏం తేలుతోందో మనమే కూర్చుని చదువుదాం" అన్నారు. ఆ మాట ప్రకారమే నెలకొకటి చొప్పున చదవడం మొదలుపెట్టాం. మధ్యలో రెండు నెలలు కుదరలేదు. మొదట్లో పట్టుమని పదిమంది కూడా రాలేదు కానీ, తర్వాత కుర్చీలు పక్క గదిలోంచి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ముందు కార్యదర్శిగా నా తప్పు ఒప్పుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందును కిడ్నీ రోగుల్లో పరీక్షించి 2020లో వెలువరించిన డాపా-సీకేడీ పరిశోధన గురించి పంపిన నోటీసులో "ఈ మందుతో 39 శాతం మందికి కిడ్నీలు బాగుపడతాయి" అని రాశాను. అది చూసి డయాలసిస్‌లో ఉన్నవాళ్లు కూడా ఆశతో వచ్చారు. అసలు సంగతి వేరు. ఆ పరిశోధనలో 4,304 మంది ఉన్నారు. సగం మందికి డాపాగ్లిఫ్లోజిన్, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, దాదాపు రెండున్నరేళ్లు గమనించారు. కిడ్నీ పనితీరు సగం లేదా అంతకన్నా ఎక్కువ పడిపోవడం, కిడ్నీలు పూర్తిగా దెబ్బతినడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, వీటిలో ఏదో ఒకటి ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో నూటికి 14.5 మందికి జరిగింది. మందు వాడినవాళ్లలో 9.2 మందికి జరిగింది. ఈ తేడానే కాలంతో కలిపి లెక్క కడితే 39 శాతం అవుతుంది. ఇంకోలా చెప్పాలంటే, అంతకాలం 19 మంది ఆ మందు వాడితే వాళ్లలో ఒకరికి ఆ ప్రమాదం తప్పుతుంది. ఇది చిన్న విషయం కాదు. కానీ పాడైన కిడ్నీ తిరిగి బాగుపడిందని ఇందులో ఎక్కడా లేదు, పాడవడం నెమ్మదించిందంతే.

ఆ రోజు నుంచి ఏ పరిశోధన తీసినా "ఎవరి మీద చేశారు?" అనే ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాం. డాపా-సీకేడీలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు లేరు. వంశపారంపర్యంగా కిడ్నీలో నీటితిత్తులు వచ్చేవాళ్లనూ తీసుకోలేదు. షుగర్ లేనివాళ్లు మాత్రం సుమారు మూడో వంతు ఉన్నారు. షుగర్ మందుగా పుట్టినది షుగర్ లేనివాళ్ల కిడ్నీకీ పనికొస్తుందని తేలడం ఇందులో అసలు విశేషం. ఈ మందుల వంశానికి మూలపురుషుడు ఫ్లోరిజిన్, 1835లో యాపిల్ చెట్టు బెరడు నుంచి తీశారు. ఇది వినగానే ఒకరు బెరడు కషాయం మాట ఎత్తారు. ఫ్లోరిజిన్ నోటితో తీసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదని, అందుకే దాన్ని మార్చి కొత్త మందులు తయారుచేయాల్సి వచ్చిందని అక్కడే చెప్పాం.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఈ రకం మందు మొదలుపెట్టిన కొత్తలో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) కొంచెం తగ్గడం మామూలే, తర్వాత తగ్గే వేగం మందగిస్తుంది. ఇది తెలియక ఒక సభ్యుడు మొదటి రిపోర్టు చూసి టెన్షన్ పడి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశారు. మూడు నెలల తర్వాత సమావేశంలో మాటల మధ్యలో బయటపడింది. ఎంత తగ్గితే పర్వాలేదో, ఎప్పుడు ఆపాలో తేల్చాల్సింది కిడ్నీ డాక్టరే (నెఫ్రాలజిస్టే). వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడు కొన్నాళ్లు ఆపమనవచ్చు, అది కూడా డాక్టర్‌నే అడగండి.

సభ్యులు తెచ్చిన ఫైళ్లు తిరగేస్తే ఒక లోటు పదేపదే కనిపించింది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) రిపోర్టులు దొంతరలు ఉన్నాయి, మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రొటీన్), క్రియాటినిన్ నిష్పత్తి చూసే పరీక్ష మాత్రం చాలామందికి చేయలేదు. అది గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే, క్రియాటినిన్ మామూలుగా ఉన్నా కిడ్నీ జబ్బు ఉన్నట్టే. డాపా-సీకేడీలో చేరడానికి ఆ నిష్పత్తి కనీసం 200 ఉండాలి. అంటే ఆ పరీక్షే లేకపోతే ఆ ఫలితం మనకు వర్తిస్తుందో లేదో కూడా తెలియదు. నాకైతే ఈ ఏడాది మనం నేర్చుకున్నవాటిలో పెద్దది ఇదే.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కోసం రెండు చదివాం. 2010లో వచ్చిన ఐడియల్ పరిశోధనలో, డయాలసిస్ త్వరగా మొదలుపెట్టినంత మాత్రాన ఎక్కువకాలం బతుకుతారని తేలలేదు. అలాగని వాయిదా వేస్తూ పోవచ్చని కాదు. ఆలస్యంగా మొదలుపెట్టాలనుకున్న గుంపులో నాలుగింట మూడు వంతుల మందికి లక్షణాలు ముదిరి అనుకున్నదాని కన్నా ముందే పెట్టాల్సి వచ్చింది. రెండోది 2023లో వచ్చిన కన్విన్స్. 1,360 మందిలో మామూలు హీమోడయాలసిస్‌ను, డయాలసిస్‌తో పాటు రక్తంలోంచి ద్రవాన్ని కూడా ఎక్కువ పరిమాణంలో వడకట్టి, బదులు శుభ్రమైన ద్రవం ఎక్కించే హీమోడయాఫిల్ట్రేషన్‌ను పోల్చారు. మరణాలు మొదటి గుంపులో 21.9 శాతం, రెండో గుంపులో 17.3 శాతం. అయితే అంత పరిమాణంలో చేయడానికి వీలయ్యే రోగులనే ఎంచుకున్నారు, కాబట్టి అందరికీ ఇదే ఫలితం వస్తుందనుకోలేం.

పంది కిడ్నీ గురించి అడగనివాళ్లు లేరు. 2024 మార్చిలో బోస్టన్‌లో జన్యువులు మార్చిన పంది కిడ్నీని 62 ఏళ్ల వ్యక్తికి అమర్చారు. ఆయన సుమారు రెండు నెలలకు చనిపోయారు, అది మార్పిడి వల్లేననడానికి సూచనలేవీ లేవని ఆసుపత్రి చెప్పింది. ఇంకా తొలి అడుగులే. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకుని తమ పరీక్షలు మానేయవద్దు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. అనువాదంలో సాయపడిన ఇద్దరు నర్సులకు, ప్రతి నెలా గది తాళం తీసి ఫ్యాన్లు వేసిపెట్టిన పెద్దాయనకు సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే నెల ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసేది) సంరక్షణ మీద కూర్చుంటాం. రాగలిగినవాళ్లు తమ చివరి మూత్ర పరీక్ష రిపోర్టు వెంట తెచ్చుకోండి. లేకపోతే "లేదు" అని ఒక కాగితం మీద రాసుకు రండి, ఎంతమందికి లేదో లెక్క తీయాలి.

కార్యదర్శి