కొత్త ఎస్‌ఎంపీఎస్ తగిలించే ముందు

చిన్నా,

కరెంటు పోయి వచ్చిన క్షణంలోనే నీ కంప్యూటర్‌లో ఠప్పుమని చప్పుడై కాలిన వాసన వచ్చిందన్నావు, మర్నాడే కొత్త ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) కొన్నానన్నావు. మంచిదే. కానీ అన్ని తీగలూ ఒక్కసారే తగిలించి స్విచ్ నొక్కెయ్యకు నాన్నా. పాతది పోతూ పోతూ ఇంకేం పాడుచేసిందో మనకింకా తెలీదు. ఒక్కో భాగమే చేరుస్తూ, చూసుకుంటూ వెళ్ళు. హార్డ్‌డిస్క్ అన్నిటికన్నా ఆఖరున. మదర్‌బోర్డైనా గ్రాఫిక్స్ కార్డైనా మళ్ళీ కొనుక్కోవచ్చు, డిస్క్‌లో ఉన్న నీ ప్రాజెక్టు ఏ కొట్లోనూ దొరకదు.

ముందు గోడ ప్లగ్గు సంగతి తేల్చు. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెద్ద రేంజికి తిప్పు. ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలోనే ఉండాలి. 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా ప్లగ్గులో పెడితే నేరుగా షార్టే. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఆ రోజు పక్క ఫ్లాట్లలో బల్బులు భగ్గున వెలిగి మాడిపోయాయేమో కూడా అడుగు. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ తెగితే, లోడు తక్కువున్న ఇంటికి 230 బదులు 300, 350, ఒక్కోసారి 400 దగ్గరికి వోల్టేజి ఎక్కుతుంది. ఆ లోపం అలాగే ఉంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

పాతదాని మూత విప్పకు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టులు, యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ని సరిచేసే సర్క్యూట్) ఉన్న రకమైతే 380 నుంచి 400 వరకు ఉంటాయి. ప్లగ్గు పీకాక కూడా కాసేపు అలాగే నిలిచి ఉండొచ్చు. ఫ్యూజు మారిస్తే చాలంటారు కొందరు, నమ్మకు. సాధారణంగా స్విచింగ్ ట్రాన్సిస్టరో, బ్రిడ్జ్ రెక్టిఫయరో షార్టయితేనే ఆ ఫ్యూజు పోతుంది. కొత్త ఫ్యూజు వేసిన మరుక్షణమే అదీ పోతుంది.

ఇంకో మాట, ఇది చాలామంది డిస్కుల్ని బలి తీసుకున్న పొరపాటు. నువ్వు కొన్నది తీగలు విడిగా ఊడే రకమైతే, పాత తీగల్లో ఒక్కటి కూడా వాడకు. బోర్డు వైపు కనెక్టర్లన్నీ ఒకే ప్రమాణం. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం పిన్నుల వరస కంపెనీకో తీరు, ఒకే కంపెనీలో మోడల్ మారినా మారొచ్చు. పాత తీగ చక్కగా పట్టినట్టే కూర్చుంటుంది, కానీ 5 వోల్టులు రావలసిన చోట 12 వస్తాయి.

ఇప్పుడు కొత్తదాన్ని బోర్డుకు కలపకుండా బల్ల మీద పెట్టి పరీక్షించు. 24 పిన్నుల కనెక్టర్లో ఆకుపచ్చ తీగ 16వ పిన్ను, దాని రెండు పక్కలా నల్లవి. తీగలన్నీ నల్లగానే ఉంటే క్లిప్పున్న వరస చూడు. సాధారణంగా అందులో ఒక పిన్ను ఖాళీగా ఉంటుంది. దానికి ఒకవైపు నాలుగు పిన్నులు, రెండోవైపు ఏడు. ఏడున్న వైపు, ఖాళీ నుంచి లెక్కపెడితే నాలుగోదే 16. రెండోవైపు లెక్కపెట్టకు. ముందు స్విచ్ వేసి ఊదా తీగ, నలుపు మధ్య డీసీ వోల్టులు చూడు, 5 రావాలి. స్విచ్ ఆపి, ఆకుపచ్చనీ పక్క నలుపునీ చిన్న వైరు ముక్కతో కలిపి మళ్ళీ వెయ్యి. పసుపు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. బూడిద రంగుది 5 దగ్గర ఉండాలి, అది లేకపోతే బోర్డు లేవదు. లోడు లేనప్పుడు ఫ్యాను తిరగని మోడళ్ళూ ఉంటాయి, దానికి కంగారు పడకు.

తర్వాత బోర్డు. కరెంటు తీసేసి, ప్రాసెసర్ దగ్గరున్న 8 పిన్నుల సాకెట్లో 12 వోల్టుల పిన్నుకీ గ్రౌండుకీ మధ్య ఓమ్‌లు చూడు. సున్నా దగ్గరే ఆగి మీటర్ కూత పెడుతుంటే అక్కడ మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్టయి ఉండొచ్చు, కొత్త ఎస్‌ఎంపీఎస్ దానికి తగిలించకు. బాగుంటే ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ మాత్రం ఉంచు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి రెండో స్లాటు. గ్రాఫిక్స్ కార్డు తీసేసి మానిటర్ తీగ బోర్డుకే పెట్టు. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ అయితే లోపల గ్రాఫిక్స్ ఉండవు, అప్పుడు కార్డు ఉంచాల్సిందే. బోర్డు మీదున్న బిళ్ళలాంటి సీఆర్2032 బ్యాటరీ 2.8 వోల్టుల కన్నా తక్కువుంటే మార్చెయ్. పాతదైనా కొత్తదైనా, ప్లగ్గు పీకి అయిదు నిమిషాలు బయట ఉంచి పెడితే బయాస్ (బోర్డు లేవగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికొస్తాయి.

ఫ్యాను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతే ఎక్కడో షార్టుంది, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందన్నమాట. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే బోర్డు మూలన చిన్న దీపాలుంటే చూడు: సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్). ఏది ఆగకుండా వెలుగుతుంటే అనుమానం దాని మీదే. డ్రామ్ దీపమైతే ర్యామ్ మార్చి, స్లాటు మార్చి చూడు.

ఇదంతా అయ్యాకే డిస్క్. దాని బోర్డు మీద కరెంటు కనెక్టర్ పక్కన 12 వోల్టులకి ఒకటి, 5 వోల్టులకి ఒకటి టీవీఎస్ డయోడ్లు ఉంటాయి. వోల్టేజి మీదపడితే అవి షార్టయి మిగతాదాన్ని కాపాడతాయి. అందుకే డిస్క్ తగిలించగానే కంప్యూటర్ మొత్తం లేవనంటుంది, తీసేస్తే లేస్తుంది. అలా జరిగితే దాన్ని పక్కన పెట్టెయ్. లోపలి పళ్ళాల మీద డేటా చాలావరకు క్షేమంగానే ఉంటుంది. అదే మోడల్ బోర్డు కొని మార్చొద్దు, ఆ డిస్క్‌కే చెందిన సర్దుబాటు వివరాలు పాత బోర్డులోని రోమ్ (ROM) చిప్పులో ఉంటాయి. డేటా రికవరీ చేసేవాళ్ళకి ఇద్దాం, ఖర్చు సంగతి నేను చూసుకుంటాను.

ఈ రాత్రికి గోడ ప్లగ్గు రీడింగులు మూడూ, బల్ల మీద వచ్చిన వోల్టులూ రాసి పంపు. అవి చూశాకే బోర్డు దగ్గరికెళ్దువుగాని.

ప్రేమతో,
అమ్మ