దిద్దే చేతులు మారితే మార్కులు మారకూడదు

సంపాదకులకు,

పీహెచ్‌డీ ప్రమాణాలపై యూజీసీ 2022లో వెలువరించిన నిబంధనల్లో, పరిశోధక విద్యార్థులకు వారానికి 4 నుంచి 6 గంటల పాటు ట్యుటోరియల్, ల్యాబ్ తరగతులతో పాటు మూల్యాంకనం పనీ అప్పగించవచ్చునని ఉంది. ఐఐటీలు, ఎన్‌ఐటీలలో ఈ పద్ధతి పాతదే. గేట్ అర్హతతో ఎంటెక్‌లో చేరి నెలకు రూ.12,400 ఉపకార వేతనం తీసుకునేవారు వారానికి 8 గంటలు టీచింగ్ అసిస్టెంట్లుగా (టీఏలుగా) పనిచేయడం అక్కడ మామూలు. వందల మంది ఉండే మొదటి సంవత్సరం తరగతుల్లో క్విజ్‌లూ ల్యాబ్ రికార్డులూ చాలావరకు వీరి చేతుల మీదుగానే వెళ్తాయి. వీరికి ఆ పని అప్పగించడంపై నాకు అభ్యంతరం లేదు కానీ, ఎలా దిద్దాలో చెప్పకుండా కట్టలు చేతిలో పెట్టడంపై ఉంది.

కొన్నేళ్ల కిందట నేనూ ఒక విద్యాసంస్థలో టీఏగా పనిచేశాను. ఒకే సబ్జెక్టులో ఒక సెక్షన్ పేపర్లు నాకు, మరొక సెక్షన్ పేపర్లు నా సహచరుడికి వచ్చాయి. మాకు ఇచ్చిన జవాబుల కాగితంలో ఏ దశకు ఎన్ని మార్కులో రాసి లేదు. లెక్క చివర యూనిట్ వేయనివారికి నేను అర మార్కు తగ్గిస్తే ఆయన రెండు మార్కులు తగ్గించారు. పద్ధతి సరిగా ఉండి మధ్యలో ఎక్కడో కూడిక తప్పినవారికి నేను స్టెప్ మార్కులు వేశాను, ఆయన సున్నా చుట్టారు. ఇద్దరం నిజాయితీగానే దిద్దాం, నిజానికి శ్రద్ధ నాకంటే ఆయనకే ఎక్కువ. ఒకే హాస్టల్ గదిలో ఉండే ఇద్దరు విద్యార్థులు తమ పేపర్లు పక్కపక్కన పెట్టి చూసుకుని మా దగ్గరికి వచ్చేదాకా ఈ తేడా మాకే తెలియదు. అప్పటికే మార్కులు పోర్టల్‌లోకి ఎక్కించేశాం. వాటిని మళ్లీ ఎవరూ తెరవలేదు.

అమెరికాలో 1912లోనే స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రాన్ని 142 మంది ఉపాధ్యాయుల చేత దిద్దిస్తే, నూటికి 64 నుంచి 98 వరకు రకరకాల మార్కులు పడ్డాయి. మన సుప్రీంకోర్టు సైతం సంజయ్ సింగ్, ఉత్తరప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో 2007లో ఇచ్చిన తీర్పులో, ఒకే సబ్జెక్టును పలువురు దిద్దినప్పుడు ఒకరు గట్టిగా, మరొకరు ఉదారంగా మార్కులు వేసే ప్రమాదాన్ని వివరించి, ముందుగా అందరూ నమూనా జవాబులపై చర్చించుకోవడం, ఆ తర్వాత ప్రధాన పరీక్షకుడు కొన్ని పత్రాలను సరిచూడడం వంటి మార్గాలను ప్రస్తావించింది. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో అసిస్టెంట్ ఎగ్జామినర్ల పైన చీఫ్ ఎగ్జామినర్ ఉంటారు. పదో తరగతి పిల్లలకున్న ఆ పాటి రక్షణ యూనివర్సిటీ క్విజ్ రాసేవారికి లేదు.

సెక్షన్ల వారీగా కాకుండా ప్రశ్నల వారీగా పేపర్లు పంచితే సగం తగవు తీరుతుంది. మూడో ప్రశ్నను మొత్తం తరగతికి ఒక్కరే దిద్దినప్పుడు, ఆ వ్యక్తి ఎంత పిసినారి అయినా ఆ పిసినారితనం అందరికీ సమానమే అవుతుంది. తరగతిలో మిగతావారి మార్కులతో పోల్చి గ్రేడు ఇచ్చే రిలేటివ్ గ్రేడింగ్ ఉన్నచోట ఇది మరీ అవసరం. అక్కడ ఒక సెక్షన్‌కు దొరికిన ఉదారత పక్క సెక్షన్ గ్రేడును కిందికి లాగుతుంది. ఇక దిద్దడం మొదలుపెట్టే ముందు టీఏలంతా ఒక గంట కూర్చుని అవే పది పేపర్లను విడివిడిగా దిద్ది పోల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది కాబట్టి, క్విజ్ పేపర్లను అడగకముందే వెనక్కి ఇవ్వడం మర్యాద.

ఆచార్యులకు అంత తీరిక లేదన్న జవాబు వస్తుందని తెలుసు. మార్కుల జాబితాపై సంతకం మాత్రం వారిదే. ఆ సంతకానికి ముందు ప్రతి టీఏ కట్టలోంచీ కనీసం అయిదు పేపర్లు తీసి స్వయంగా చూడాలని విశ్వవిద్యాలయాలు వచ్చే సెమిస్టర్ మిడ్ పరీక్షల నాటికి ఒక సర్క్యులర్ జారీ చేయాలని కోరుతున్నాను.

- ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, వరంగల్