స్ప్రింగులు కోస్తే హ్యాండ్లింగ్ రాదు

సంపాదకులకు నమస్కారం.

మూసాపేటలో ఇరవై ఏడేళ్లుగా వీల్ అలైన్‌మెంట్ షాపు నడుపుతున్నాను. మొన్న ఆదివారం మీ పేపర్లో స్పోర్ట్స్ కార్ల మీద వచ్చిన వ్యాసాన్ని మా షాపు కుర్రాడు చదివి వినిపించాడు. బండిని రెండంగుళాలు కిందికి దించి సస్పెన్షన్ గట్టి చేయిస్తే రోడ్డు మీదైనా, ట్రాక్ మీదైనా హ్యాండ్లింగ్ బాగుపడుతుందని అందులో రాశారు. అది చదివినవాడు రేపు స్ప్రింగులు కోయించుకుని, ఎల్లుండి ‘అన్నా, బండి పక్కకు లాగుతోంది’ అంటూ నా దగ్గరికే వస్తాడు. అందుకే రాస్తున్నాను.

ఆమధ్య గచ్చిబౌలి నుంచి ఒక తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోర్షే కేమన్ తెచ్చాడు. ఔటర్ రింగ్ రోడ్డు దిగేటప్పుడు ర్యాంపు మలుపులో వంతెన జాయింట్ ఒకటి తగలగానే వెనక భాగం పక్కకు గెంతిందట. స్పీడు అరవై కూడా లేదన్నాడు. దేనికీ తగల్లేదు గానీ, ఆ రోజు నుంచి మలుపు కనిపిస్తే చాలు టెన్షన్. ‘సస్పెన్షన్ ఇంకా గట్టిది వేయిద్దామా అన్నా?’ అని అడిగాడు.

బండిని లిఫ్టు మీదికి ఎక్కించాం. పాత ఓనరు స్ప్రింగుల్ని ఒక్కో చుట్టు కోయించాడు. కోసిన చోట అంచు నల్లగా కాలి ఉంది, అంటే గ్రైండర్ పెట్టి కోశారన్నమాట. చుట్టు తగ్గితే స్ప్రింగు పొట్టిదవడంతో ఆగదు, గట్టిది కూడా అవుతుంది. షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే. అది కంపెనీ స్ప్రింగుకు లెక్కగట్టి చేసింది, ఈ గట్టి స్ప్రింగును పట్టి ఆపలేదు. పైగా బండి కిందికి దిగడంతో షాక్‌లో చివరి దెబ్బ కాసే బంప్ స్టాప్ ముక్క ఎప్పుడూ ఆనుకునే ఉంది. అది నలిగి పిండయింది. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడ్డప్పుడు కింద నుంచి దెబ్బ తగిలితే స్ప్రింగుకు నొక్కుకునే జాగా లేదు. ఇక చక్రం నేలను వదిలి ఎగురుతుంది. నేలకు ఆనని టైరుకు గ్రిప్పు ఎక్కడిది?

కేమన్‌లో నాలుగు చక్రాలకూ మెక్‌ఫర్సన్ స్ట్రట్టే, అంటే షాకూ స్ప్రింగూ ఒకే కాడగా ఉండి, కింద ఆర్మ్ పట్టుకునే రకం. కింది ఆర్మ్ చక్రం వైపు కాస్త దిగి ఉండాలి. బండిని బాగా దించితే అది ఎదురు తిరిగి చక్రం వైపు లేస్తుంది. అప్పుడు బాడీ ఒరిగేకొద్దీ పెరగాల్సిన నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం, తగ్గుతూ పోతుంది. టైరు అంచు మీద నిలబడుతుంది. చూడ్డానికి రేసు కారే, మలుపులో మాత్రం మామూలు బండికన్నా అధ్వానం.

టైర్ల సంగతి సరేసరి. వెనక టైర్లు బయటి నుంచి చూస్తే కొత్తవాటిలా మెరుస్తున్నాయి. చెయ్యి లోపలికి పెట్టి తడిమితే లోపలి అంచున తీగలు గుచ్చుకున్నాయి. బండి దించినప్పుడు టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారిపోయింది, మళ్లీ ఎవరూ సెట్ చేయలేదు. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి, 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని లెక్క. ఈ టైర్లకు ఏడేళ్లు నిండాయి. రబ్బరు గోరుతో గీసినా గీత పడనంతగా బిరుసెక్కింది. లక్షలు పోసి బండి కొన్న మనిషి ఈ నాలుగంకెలు చూడడు. సీటు కవర్ల కుట్టు మాత్రం చూస్తాడు.

మేం చేసింది చెబితే మీ వ్యాసం రాసినవారు చప్పగా ఉందంటారేమో. కంపెనీ స్ప్రింగులు, కొత్త బంప్ స్టాపులు తెప్పించి వేశాం. అదే సైజు టైర్లు వేశాం, ముందు 235, వెనక 265. వెడల్పులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చుకునే వీల్లేదు. వేసేముందే లెక్క చూసుకోవాలి. డ్రైవరు సీటులో ఆ తమ్ముడి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు పెట్టి అలైన్‌మెంట్ చేశాం. ముందు చక్రాలకు కంపెనీ ఇచ్చిన హద్దులోనే నెగటివ్ క్యాంబర్ వీలైనంత పెట్టాం. ‘మైనస్ మూడు పెట్టన్నా’ అన్నాడు. ఏడాదిలో రెండు రోజులు ట్రాక్ మీద, మిగతా రోజులు హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో తిరిగే బండికి మూడు డిగ్రీలు పెడితే టైరు లోపలి వైపు అరిగి పోతుంది.

టో దగ్గర మాత్రం నేను మొండివాణ్ణే. నేను పని నేర్చుకున్న రోజుల్లో త్రీడీ మిషన్లు లేవు. బండికి రెండు పక్కలా స్టాండ్లు నిలబెట్టి, దారం బిగించి కట్టి, రిమ్ము ముందంచుకూ వెనకంచుకూ స్కేలు పెట్టి కొలిచేవాళ్లం. పద్దెనిమిదంగుళాల రిమ్ము మీద ఒక్క మిల్లీమీటరు తేడా అంటే కోణంలో డిగ్రీలో ఎనిమిదో వంతు. ఇప్పటికీ మిషన్ చూపించిన లెక్కను దారంతో ఒకసారి సరిచూస్తాను, మా కుర్రాళ్లు వెనక నవ్వుకుంటారు. ముందు చక్రాలకు కొద్దిగా టో అవుట్ ఇస్తే, అంటే ముందంచులు బయటికి తిప్పితే, స్టీరింగ్ తిప్పగానే బండి మలుపులోకి దూసుకుపోతుంది, ట్రాక్ మీద అది సరదాయే. అదే బండి హైవే మీద తిన్నగా పోదు, అటూఇటూ వెతుక్కుంటుంది. వెనక చక్రాలకు టో అవుట్ మాత్రం ఎవరు చెప్పినా పెట్టను. కేమన్‌కు ఇంజన్ సీట్ల వెనకే ఉంటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువు ముందుకు జారి, వెనక తేలికై, బండి బొంగరంలా తిరుగుతుంది. దానికి వెనక టో అవుట్ కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

తర్వాత ఆ తమ్ముడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. ఆరువందల కిలోమీటర్లు పైనే కూర్చుని నా నడుం పట్టేసింది, అది వేరే కథ. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ముందు టైర్లలో గాలి 30 పెట్టాం. ఆరు ల్యాపులు తిరిగొచ్చేసరికి గేజీ 37 చూపించింది. వేడికి గాలి ఉబ్బి టైరు నడుము మీదే నిలబడింది, బండి మలుపులో ముందుకు జారుతోందన్నాడు. గాలి కొంచెం వదిలాక మళ్లీ పట్టు దొరికింది. దీనికి పైసా ఖర్చు లేదు. సాయంత్రం బయల్దేరే ముందు మళ్లీ డోరు దగ్గరి స్టిక్కర్ ప్రకారం నింపాలి, అదొక్కటి మర్చిపోకూడదు.

అదే రోజు మరో బండి మెయిన్ స్ట్రెయిట్ చివర ఆగలేక మట్టిలోకి పోయింది. బ్రేక్ పెడల్ మెత్తబడిందట. బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగిందంటే పైపుల్లో బుడగలే, బ్రేకు నొక్కితే గాలిని నొక్కినట్టు ఉంటుంది. హ్యాండ్లింగ్ మీద ఒక పేజీ రాసి ఫ్లూయిడ్ మాటే ఎత్తలేదు మీవాళ్లు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మాటా లేదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు తేడాగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది కదా.

ఇంకో సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా కాలనీలో కాలనీవాళ్లే పోసుకున్న సిమెంటు దిమ్మ వెడల్పు నా రెండు చెప్పులంత. రెండంగుళాలు దించిన బండి దాని మీద పడవలా ఆగిపోతుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు ఆ రేసు కోసం రోడ్డును అద్దంలా చేశారు. రేసు కారు నేలకు ఆనుకుని ఉంటుందంటే దాని కింద అలాంటి రోడ్డు ఉంటుంది కాబట్టే.

కోసిన ఆ నాలుగు స్ప్రింగులూ షట్టరు పక్కన వేలాడుతూనే ఉన్నాయి. వ్యాసం రాసినవారు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. శుక్రవారం షాపు బంద్.

ఇట్లు,
వీల్ అలైన్‌మెంట్ మెకానిక్,
మూసాపేట, హైదరాబాద్