పాత కార్డు బాకీకి చెల్లు వేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

క్రెడిట్ కార్డు బాకీ కట్టలేక ఏళ్ల తరబడి వదిలేసిన వారికి వసూలు ఏజెంట్లు ఫోన్ చేసి, ‘మొత్తం అక్కర్లేదు, ప్రస్తుతానికి ఐదు వందలు కట్టండి చాలు’ అని అడుగుతున్నారని మా న్యాయవాదుల వద్దకు వచ్చే కక్షిదారులు తరచూ చెబుతుంటారు. ఆ చిన్న మొత్తం బాకీని తగ్గించడం కన్నా దాని ఆయుష్షును పెంచడానికే ఎక్కువగా పనికివస్తుందని వారిలో చాలామందికి తెలియదు.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇటువంటి బాకీపై దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ గడువు లోపలే బాకీదారు కొంత కట్టి, ఆ చెల్లింపు అతని చేతిరాతతో గాని సంతకంతో గాని నమోదైతే, 19వ సెక్షన్ కింద కట్టిన నాటి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. పైసా కట్టకపోయినా, బాకీ ఉన్న మాట నిజమేనని గడువులోపు సంతకం చేసి రాసిస్తే 18వ సెక్షన్ కింద అదే ఫలితం. మన పల్లెల్లో అప్పిచ్చిన ఆసామి మూడేళ్లు నిండకముందే వచ్చి ప్రామిసరీ నోటు వెనుక, కొంత కట్టినట్టు చెల్లు రాయించుకుని వెళ్లేది ఇందుకే. రైతులకు బాగా తెలిసిన ఈ సంగతి కార్డు వాడే ఉద్యోగులకు తెలియకపోవడం విచారకరం.

గడువు దాటిన తర్వాత సంగతి వేరు. అప్పుడు కొంత కట్టినంత మాత్రాన కాలదోషం పట్టిన బాకీకి తిరిగి ప్రాణం రాదు. అయితే కట్టింది వెనక్కి అడగడానికీ వీలుండదు. అసలు ప్రమాదం సంతకంలో ఉంది. పాత బాకీని పూర్తిగానో కొంతగానో చెల్లిస్తానని రాసి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ మూడో క్లాజు దాన్ని చెల్లుబాటయ్యే కొత్త ఒప్పందంగా గుర్తిస్తుంది. సెటిల్‌మెంట్ పేరిట పంపే కాగితాలపై చదవకుండా సంతకాలు చేసేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

గడువు లెక్కించేవారు మరొకటి గమనించాలి. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్క నుంచి మినహాయించింది. బాకీ కాలదోషం పట్టిందన్న ధీమాతో సమన్లను పక్కన పడేయడమూ తగదు. ప్రతివాది అడగకపోయినా గడువు మీరిన దావాను కోర్టు కొట్టివేయాలని కాలపరిమితి చట్టం 3వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే గాని, హాజరై తేదీలు చూపించేవారు లేకపోతే ఆ సంగతి కోర్టు దృష్టికి రాకుండా పోవచ్చు.

తీర్చగలిగిన వారు బాకీ తీర్చవలసిందే. కట్టేవారు ఆ చెల్లింపుతో ఏమి జరుగుతుందో తెలిసి కట్టాలన్నదే నా అభ్యర్థన. న్యూయార్క్ రాష్ట్రం 2021లో చేసిన చట్టం, గడువు మీరిన వినియోగదారు బాకీకి ఏ చెల్లింపూ తిరిగి గడువు ఇవ్వదని స్పష్టం చేసింది. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఏజెంట్లు ఫోన్ చేయరాదని ఆదేశించిన రిజర్వు బ్యాంకు, బాకీ గడువు ఎప్పుడు ముగుస్తుందో, కొంత కడితే ఏమవుతుందో డిమాండు నోటీసులోనే బాకీదారు భాషలో తెలపాలని కూడా ఆదేశించాలి. ఈలోగా జిల్లా న్యాయసేవాధికార సంస్థలు తమ న్యాయ విజ్ఞాన సదస్సుల్లో ఈ అంశాన్ని చేర్చాలని కోరుతున్నాను.

— ఒక న్యాయవాది, తెనాలి