కాళ్లతో ఆడే ఆటను కూర్చుని ఆడే ఆటలతో కలపకండి

సంపాదకులకు,

నమస్కారములు. పిల్లల్లో వీడియో గేముల వ్యసనం గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని, దానిపై వరుసగా అచ్చయిన పాఠకుల లేఖలను శ్రద్ధగా చదివాను. అర్ధరాత్రి దాకా ఫోను వదలని పిల్లలను చూసి తల్లిదండ్రులు పడే ఆందోళన నిజమైనదే. ఇద్దరు పిల్లల తల్లిగా అది నాకూ అనుభవమే. అయితే ఆ లేఖల్లో ఒకటి రెండు, టీవీ ముందు నిలబడి స్టెప్పులు వేస్తూ ఆడే డాన్సు ఆటలను కూడా అదే గాటన కట్టి, "ఇంట్లో గెంతులు" అని కొట్టిపారేయడం నాకు కష్టం కలిగించింది. చెన్నైలోని పెరంబూరులో ఉంటూ, ఏడాదిన్నరగా వారానికి ఐదు రోజులు ఆ ఆట ఆడుతున్న యాభై రెండేళ్ల బ్యాంకు ఉద్యోగినిగా నాకు తెలిసిన విషయాలు మీ పాఠకుల ముందు పెట్టడం అవసరమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ ఆటను ఎన్నడూ చూడనివారి కోసం అది ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. జపానుకు చెందిన కొనామి సంస్థ 1998లో "డాన్స్ డాన్స్ రెవల్యూషన్" అనే యంత్రాన్ని ఆటల కేంద్రాల్లో ప్రవేశపెట్టింది. మరుసటి సంవత్సరమే అది ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడే రూపంలో కూడా వచ్చింది. కాళ్ల కింద పరిచే మ్యాటు మీద ముందు, వెనుక, కుడి, ఎడమ అని నాలుగు బాణాలు ఉంటాయి. పాట మొదలవగానే తెర కింది నుంచి బాణాలు పైకి పాకుతూ వస్తాయి. పైన వరుసగా ఉన్న నాలుగు గుర్తులను అవి సరిగ్గా తాకిన క్షణంలో మనం మ్యాటు మీద అదే బాణాన్ని కాలితో తొక్కాలి. ముందు తొక్కినా, ఆలస్యంగా తొక్కినా మార్కులు తగ్గుతాయి. రెండు బాణాలు ఒకేసారి వస్తే రెండు కాళ్లతో దూకాలి. ఈ ఆటలో చేతులతో నొక్కవలసింది ఏమీ లేదు, కూర్చుని ఆడే వీలు అసలే లేదు.

ఇందులో రెండో రకం, ఉబిసాఫ్ట్ సంస్థ 2009లో తెచ్చిన "జస్ట్ డాన్స్" వంటిది. తెర మీద నర్తకుడు చేసేదాన్ని అద్దంలో చూసినట్లుగా మనం చేయాలి. చేతిలో పట్టుకున్న పరికరం, లేదా ఫోను, మన కదలికను కొలుస్తుంది. మా పిల్లలకు ఇదే ఎక్కువ ఇష్టం. వ్యాయామం కోసమైతే మాత్రం నేను మొదటి రకాన్నే కోరుకుంటాను, ఎందుకంటే పరికరం ఉన్న చేయి ఒక్కటీ సరిగా ఊపితే సోఫాలో కూర్చుని కూడా మార్కులు సంపాదించవచ్చునని మా అబ్బాయి నా కళ్లముందే చేసి చూపించాడు. మ్యాటు దగ్గర ఆ పప్పులు ఉడకవు.

నేను దీని దగ్గరకు సరదా కోసం రాలేదు. షుగరు బయటపడినప్పుడు డాక్టరుగారు రోజుకు అరగంట గట్టిగా నడవమన్నారు. ఉదయం వంటపని, ఆపైన బస్సు, తిరిగి వచ్చేసరికి చీకటి. మా వీధిలో ఫుట్‌పాత్ అనేది కొంతదూరం ఉండి, తరువాత బండ్ల కిందకు మాయమవుతుంది. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి కూడా గాలి ఉడికిపోతూ ఉంటుంది; అక్టోబరు నుంచి వానలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో నీళ్లు తీసేదాకా ఎవరమూ కాలు బయట పెట్టలేదు. నెలలో పదిరోజులు కూడా నడవలేకపోతున్నానని చూసి, మా అమ్మాయి ఈ మ్యాటును తెచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించింది.

మొదటి సాయంత్రం సగం పాటకే నన్ను ఆట బయటకు నెట్టేసింది. చూపు తెర మీద ఉంచితే కాలు దారి తప్పుతుంది, కాలి వైపు చూస్తే బాణం దాటిపోతుంది. పైగా మొజాయిక్ నేల మీద మ్యాటు జారిపోయి, నేను కుడి బాణం అనుకుని తొక్కినది వట్టి నేల అయ్యేది. మర్నాడు దాని కింద యోగా చాప పరిచి, నాలుగు మూలలా టేపు అంటించాము. మూడో వారానికి కాళ్లు చూడకుండానే బాణాలు దొరకడం మొదలైంది. ఎడమకాలు ఎడమ బాణం మీద ఆనించి, బరువు మార్చి, కుడికాలితో వెనుకది తొక్కి, మళ్లీ మధ్యకు రాకుండా నేరుగా తరువాతి అడుగుకు వెళ్లడం అలవడిన రోజున, పాట పూర్తయ్యేసరికి రవిక వీపంతా తడిసింది, గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. నడకలో నాకు ఏనాడూ అంత చెమట పట్టలేదు.

చిన్నప్పుడు నేను నాలుగేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. వెంపటి చినసత్యంగారు 1963లో ఈ నగరంలోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన తరువాత ఇక్కడి తెలుగు ఇళ్లలో ఆడపిల్లలకు ఆ నాట్యం నేర్పించాలనే కోరిక బాగా పెరిగింది. మా నాన్నగారు కూడా ఆ కోరికతోనే నన్ను ఒక గురువుగారి దగ్గర చేర్చారు. ఆయన చెక్కపై కర్రతో తాళం వేస్తుండగా ఒకే అడవును, అంటే నాట్యంలోని ప్రాథమిక అడుగుల వరుసను, మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో, అంతకంతకూ వేగం పెంచుతూ వేయించేవారు. ఈ ఆటలో సులువు స్థాయి నుంచి కష్టమైన స్థాయికి వెళ్లినప్పుడు అదే పాటకు అడుగులు చిక్కబడడం చూసి నాకు ఆ చెక్క చప్పుడే గుర్తుకు వచ్చింది. ఆటను నాట్యంతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. ఇందులో అభినయం లేదు, హస్తముద్రలు లేవు. తాళానికి కాలు కట్టుబడి ఉండడం అనే ఒక్క విషయంలో మాత్రం రెండింటికీ చుట్టరికం ఉంది, పెళ్లితో ఆగిపోయిన ఆ సంతోషం నాకు ముప్పై ఏళ్ల తరువాత ఇలా తిరిగి దొరికింది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయమని అనుకోకుండా ఉండేందుకు కొన్ని సంగతులు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నిమిషాలు తీవ్రమైన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అదే సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మంది ఆ మేరకు కూడా కదలడం లేదు. పురుషుల్లో ఈ వాటా 42 శాతమైతే స్త్రీలలో 57 శాతం. ఈ తేడాకు బద్ధకమే కారణమని నేను నమ్మను. ఇంటి పనికి, ఉద్యోగానికి, వీధి భయానికి మధ్య స్త్రీకి మిగిలే అరగంట ఇంట్లోనే మిగులుతుంది. ఇక ఈ ఆట విషయానికి వస్తే, అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పిల్లల్లో ఊబకాయాన్ని తగ్గించేందుకు తన 765 ప్రభుత్వ పాఠశాలల్లో దీన్ని వ్యాయామ పాఠంగా పెడతామని 2006లోనే ప్రకటించింది. స్విట్జర్లాండ్‌లో పరిశోధకులు వృద్ధుల చేత ఇటువంటి మ్యాటు మీద అడుగులు వేయించి, ఒకవైపు వేరే విషయం ఆలోచిస్తూ నడవవలసి వచ్చినప్పుడు వారి నడక మెరుగుపడిందని 2012లో తెలియజేశారు. మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆమె కుర్చీ వీపు పట్టుకుని, దూకే పని లేని అతి నెమ్మదైన పాటకు రోజూ పది నిమిషాలు అడుగులు వేస్తారు. బాత్రూము గడప దాటేటప్పుడు గోడ తడుముకునే అలవాటు ఆమెకు ఇప్పుడు తగ్గింది.

నా షుగరు కూడా అదుపులోకి వచ్చింది, అయితే మందులు, తిండిలో మార్పు కూడా అందుకు కారణమే కనుక ఆ ఘనత అంతా ఆటకు కట్టబెట్టను. మోకాళ్ల నొప్పి ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దూకే పాటల జోలికి పోకూడదు.

మేము మూడో అంతస్తులో ఉంటాము. నేను దూకిన ప్రతిసారీ కింది ఇంట్లో ఫ్యాను ఊగుతోందని ఆ ఇంటావిడ వచ్చి చెప్పారు. అది న్యాయమైన మాటే. అందుకే కింది అంతస్తులో, ఎక్కువగా పెళ్లిచూపులకు, నామకరణాలకే వాడే మా అపార్ట్‌మెంటు హాలును సాయంత్రం గంటసేపు ఈ ఆటకు ఇవ్వమని అసోసియేషన్‌ను అడిగాను. ల్యాప్‌టాప్, మ్యాటు నావే, కరెంటు ఖర్చు ఇస్తానన్నాను. "అది పిల్లల ఆట, పెద్దవాళ్లకు ఎందుకమ్మా" అన్నారు. రెండోసారి రాతపూర్వకంగా అడిగితే సమాధానమే లేదు. అదే హాలులో మగవారి క్యారమ్స్ బల్లకు మాత్రం చోటు ఉంది. ఈ సంగతి తెలిసి కింది ఇంటావిడే తన ముందుగదిలో మ్యాటు పరుచుకోమని పిలిచారు. ఇప్పుడు మేమిద్దరం వంతులవారీగా ఆడుతున్నాము.

ఈ నగరంలోని తెలుగు సంఘాలకు నాదొక విన్నపం. కంప్యూటరులో ఈ మ్యాటు ఆట ఆడుకునేందుకు స్టెప్‌మేనియా అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. అందులో ఏ పాటకైనా బాణాల వరుసను మనమే రాసుకోవచ్చు. మా అమ్మాయి ఒక కోలాటం పాటకు అలా రాసి పెట్టింది, ఒక్క పాటకు ఆమెకు రెండు ఆదివారాలు పట్టింది. ఉగాదికి పాటల పోటీలు, ముగ్గుల పోటీలు పెట్టే సంఘాలు, కంప్యూటరు తెలిసిన యువతతో మన పాటలకు అడుగులు రాయించి, హాలులో రెండు మ్యాట్లు పరిస్తే, వీధిలో నడవలేని ఆడవారు, పెద్దవారు వచ్చి ఆడతారు. అలాగే మీ ఆదివారం అనుబంధంలో ఒక ఫిజియోథెరపిస్టు చేత, మోకాలికి ఎంతవరకు దూకడం ఫరవాలేదు, చెప్పులు వేసుకోవాలా వట్టికాళ్లా, బీపీ ఉన్నవారు ఎంతసేపు ఆడవచ్చు అనే ప్రశ్నలకు జవాబులు రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై